జానెడు, బెత్తెడు

మైక్ కొనాలనుకుంటున్నా అని ఎవరికి చెప్పినా ముందు అడిగేది బడ్జెట్ ఎంత అని. దాని తర్వాత ఇంకో మూడు ప్రశ్నలు అడగాలి: గొంతు ఎవరిది, గది ఎలాంటిది, ఎన్ని రోజులున్నాయి. పోయినేడాది నా జవాబులు ఇవీ. బడ్జెట్ 18 వేలు. గొంతు మా అమ్మది. గది తెనాలిలో రైలు పట్టాలకి నాలుగు వీధుల ఇవతల ఉన్న మా ఇంటి పడగ్గది. చేతిలో ఉన్నవి 23 రోజులు.

ఆ 23 రోజులూ అయ్యాక అమ్మకి థైరాయిడ్ ఆపరేషన్. గడ్డ ప్రమాదకరమైంది కాదన్నారు గానీ పెరుగుతోంది, ముద్ద మింగడానికి అడ్డం పడుతోంది, తీసెయ్యాలి. సంతకాలు పెట్టించుకునే ముందు డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. థైరాయిడ్ గ్రంథికి రెండు వైపులా, దాన్ని దాదాపు ఆనుకుని, స్వరపేటికకి వెళ్లే నరాలుంటాయి. వాటిలో ఒకటి దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. ఇంకో సన్నటి నరం ఉంది, స్వరతంత్రుల్ని బిగలాగే కండరానికి వెళ్లేది. తీగ బిగిస్తేనే కదా శ్రుతి పెరిగేది. దానికి దెబ్బ తగిలితే మామూలు మాటలో పెద్ద తేడా తెలియకపోవచ్చు, పై స్థాయి అందుకోవడం మాత్రం కష్టమవుతుంది. "చాలామందికి ఏమీ కాదమ్మా. చెప్పడం మా బాధ్యత కాబట్టి చెప్తున్నా. మీరేమన్నా పాడతారా?" అని అడిగారాయన.

"అబ్బే, లేదండీ" అంది అమ్మ.

అమ్మ లెక్కలో అది నిజమే. పాడటమంటే కచేరీ చెయ్యడం, రేడియోలో రావడం. తను చేసేది పాడటం కిందికి రాదు. మంగళహారతులు, నలుగు పాటలు, తలుపు దగ్గర పాటలు, లాలి పాటలు, అప్పగింతల పాటలు, అన్నీ మా అమ్మమ్మ దగ్గరా, అమ్మమ్మ చెల్లెళ్ల దగ్గరా వినీ వినీ పట్టుకున్నవి. పేరంటంలో ఎవరైనా "నువ్వందుకో వదినా" అంటే అందుకుంటుంది, అంతే. రెండు నోటు పుస్తకాలున్నాయి, అట్టలు ఊడిపోయి. వాటిలో సాహిత్యం ఉంది. వరస లేదు. ఒకే పాట మా పిన్ని ఒక వరసలో పాడుతుంది, అమ్మ ఇంకో వరసలో. పుస్తకం పోతే పిన్ని పుస్తకంలోంచి ఎత్తి రాసుకోవచ్చు. అమ్మ వరస ఉన్నది మాత్రం అమ్మ గొంతులోనే. చరణాల్లో పైకెళ్లే చోట ఆ గొంతు ఆగిపోతే, ఆ మెలిక ఎలా ఉండేదో చెప్పేవాళ్లుండరు.

ఫోన్‌లో రికార్డు చేస్తే సరిపోదా అని మా తమ్ముడన్నాడు. అంతకుముందు చేసినవి ఉన్నాయి కూడా. ఫోన్ మైకుల్ని తీసిపారెయ్యడానికి లేదు, కాకపోతే చాలా ఫోన్లు మాట కోసం తయారైనవి. చిన్న శబ్దాన్ని తమంతట తామే పెంచుతాయి, పెద్ద శబ్దాన్ని తగ్గిస్తాయి, ఆగకుండా ఒకే తీరున వినిపించేదాన్ని రొద అనుకుని అణిచేస్తాయి. ఫ్యాను చప్పుడుకి అది మంచి మందు. అమ్మ పల్లవి చివర సాగదీసి నిలిపే అక్షరం కూడా ఆ యంత్రానికి ఫ్యాను లాంటిదే. మొదలు గట్టిగా ఉండి, నడుమ సన్నబడి, చివర మాయమైపోతుంది. పాత రికార్డింగులన్నీ అలాగే ఉన్నాయి.

గొంతుని యంత్రానికి వినిపించడం ఎప్పుడూ బేరసారాల వ్యవహారమే. 1902లో ఫ్రెడ్ గైస్‌బెర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పుడు మైకులు లేవు. పెద్ద కొమ్ము లాంటి గొట్టంలోకి గట్టిగా పాడాలి, ఆ ఒత్తిడికి సూది కదిలి మైనం మీద గీత పడాలి. మెల్లగా పాడేవాళ్ల గొంతు ఆ గీతలో పడేది కాదు. బెల్ ల్యాబ్స్ వారసత్వంలో భాగమైన ఇంజనీరు ఇ. సి. వెంట్ 1916లో కండెన్సర్ మైక్ కనిపెట్టాడు. 1925 నుంచి రికార్డింగ్ కంపెనీలు కరెంటు పద్ధతికి మారాయి. అప్పట్నుంచి గుసగుసలాడినట్టు పాడినా రికార్డయింది. మా తెనాలి నాటకాల ఊరు. ఒకప్పుడు పద్యం ఎత్తుకుంటే మైకు లేకుండానే ఆఖరి వరసకి వినపడాలి. మా అమ్మమ్మ వాళ్ల పాట అలాంటిది కాదు, వసారాలో పదిమంది ఆడవాళ్ల మధ్య తిరిగే పాట. కొమ్ముల కాలంలో దాన్ని రికార్డు చేద్దామన్నా కుదిరేది కాదు. ఇప్పుడు కుదురుతుంది, ఏ మైకు అన్నదే ప్రశ్న.

ఇంట్లో గొంతు రికార్డు చేసుకునేవాళ్లకి ముఖ్యంగా రెండు రకాలున్నాయి. డైనమిక్ మైకులో పల్చటి పొర వెనక తీగచుట్ట, దాని చుట్టూ అయస్కాంతం ఉంటాయి. గాలి పొరని కదిపితే చుట్ట కదిలి కరెంటు పుడుతుంది. స్పీకరు పనిని తిరగేసినట్టు. మొండి వస్తువు, చెయ్యి జారి కింద పడినా సాధారణంగా బతుకుతుంది. కండెన్సర్ మైకులో తీగచుట్ట ఉండదు. ఒక పొర, దాని వెనక ఒక పలక, మధ్యలో వెంట్రుకవాసి ఖాళీ. పొర కదిలినప్పుడల్లా ఆ ఖాళీ మారుతుంది, దాన్నే విద్యుత్ సంకేతంగా తీసుకుంటారు. దానికి బయట్నుంచి కరెంటు కావాలి, మామూలుగా 48 వోల్టులు, మైకు తీగలోంచే పంపిస్తారు. పొరకి తీగచుట్ట బరువు లేదు కాబట్టి సన్నటి అలికిడికి కూడా కదులుతుంది. పెదవులు విడిపడే చప్పుడు, అక్షరం మొదట్లో తగిలే గాలి, అన్నీ పడతాయి.

అంకెల్లో చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నా బడ్జెట్‌కి దగ్గరగా వచ్చినవి రెండు: డైనమిక్‌లో ష్యూర్ ఎస్‌ఎమ్ 58, కండెన్సర్‌లో ఆడియో టెక్నికా ఏటీ 2020. మొదటిది 1966 నుంచీ ఉంది. పేరులోని ఎస్‌ఎమ్ అంటే స్టూడియో మైక్రోఫోన్ అనే, పేరు తెచ్చుకున్నది మాత్రం స్టేజీల మీద. ఒకే గొంతుని ఒకే దూరంలో ఈ రెండిటి ముందు పెడితే ఏటీ 2020 ఇచ్చే వోల్టేజీ ఎస్‌ఎమ్ 58 ఇచ్చేదానికి ఏడు రెట్లకు పైనే. అంటే డైనమిక్ మైకుకి వెనకనుంచి బాగా పెంచే పెట్టె కావాలి, చవక పెట్టె పెంచేటప్పుడు తన బుసని కూడా కలిపి పెంచుతుంది. మరి కండెన్సర్‌కి సొంత రొద ఉంటుంది, మైకు పుట్టుకతో వచ్చే చప్పుడు. ఏటీ 2020కి అది 20 డెసిబెల్స్. రోడ్ ఎన్‌టీ1-ఏ కి 5. మెల్లగా పాడే మనిషికి ఆ 15 డెసిబెల్స్ తేడా చిన్నది కాదు. కానీ ఎన్‌టీ1-ఏ కొంటే మిగతా సామాను కొనడానికి డబ్బులుండవు. మైకల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఆల్బమ్‌లో గొంతు రికార్డు చేసిన ఎస్‌ఎమ్ 7 వంశంలోది ఎస్‌ఎమ్ 7బీ, ఇప్పుడు ప్రతి పాడ్‌కాస్టులోనూ కనిపిస్తోంది. దాని ధరలో నా మొత్తం బడ్జెట్ రెండుసార్లు పడుతుంది.

వెయ్యి రూపాయలకే స్టూడియో మైక్ అని అమ్మేవీ ఉన్నాయి. బంగారు రంగు జాలీ, పెద్ద తల. చాలావాటిలో ఆ తల విప్పి చూస్తే లోపల ఉండేది చిటికెనవేలి గోరంత ఎలెక్ట్రెట్ గుళిక. ఎలెక్ట్రెట్ గొప్ప ఆవిష్కరణే. జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ 1962లో బెల్ ల్యాబ్స్‌లో చేశారు, దశాబ్దాల పాటు టేప్ రికార్డర్లూ ఫోన్లూ దాని మీదే నడిచాయి. గుళికతో పేచీ లేదు. అంత పెద్ద తల చూపించి అంత చిన్న గుళిక అమ్మడంతోనే పేచీ.

ఇదంతా చదివి హైదరాబాద్ నుంచి తెనాలి వెళ్లాక గది చూశాను. మైక్ కన్నా ముందు చూడాల్సింది అదే. పడమటి కిటికీ వైపు నుంచి రైలు కూత. పక్కింటి మిక్సీ. పొద్దున ఎనిమిదికి ఆకుకూరల బండి, గొంతు నొప్పి పుట్టకుండా ముందే రికార్డు చేసి పెట్టుకున్న అరుపుతో. గచ్చు నేల, సున్నం గోడలు, చప్పట్లు కొడితే తిరిగి మోగుతున్నాయి. ఫ్యాను ఆపితే నాన్న ఒప్పుకోరు, ఆపకపోతే మైకు ఒప్పుకోదు.

ఇక్కడే జానెడు, బెత్తెడు లెక్క వస్తుంది. జానెడంటే మూడు బెత్తెలు. నోటికీ మైకుకీ మధ్య దూరం జానెడు నుంచి బెత్తెడుకి తగ్గిస్తే గొంతు దాదాపు తొమ్మిదిన్నర డెసిబెల్స్ పెరుగుతుంది. రైలూ మిక్సీ ఉన్న దూరం మాత్రం మారదు, వాటి శబ్దం పెరగదు. గొంతు పెరిగిన మేరకి మనం నాబ్ తగ్గిస్తాం కాబట్టి గది కూడా అంత తగ్గుతుంది. చవకలో దొరికే శబ్ద నిరోధకం దగ్గరతనమే. దానికీ ఒక మూల్యం ఉంది. ఈ మైకులు దగ్గరయ్యేకొద్దీ కింది స్థాయిని ఎక్కువ చేస్తాయి, గొంతు బరువెక్కుతుంది. పైగా బెత్తెడు దూరంలో తల కొంచెం పక్కకి తిప్పినా తేడా వినిపిస్తుంది. అమ్మ తాళం వేసుకుంటూ, తల ఊపుతూ పాడుతుంది.

ఇంకో సంగతి, ఈ రెండు మైకులూ హృదయాకారంలో వింటాయి. ముందున్నది బాగా, పక్కలది కొంత, సరిగ్గా వెనకున్నది చాలా తక్కువ. కాబట్టి మైకు వీపు కిటికీ వైపు ఉండాలి. అంటే పాడే మనిషి కిటికీకి ఎదురుగా కూర్చోవాలి. చప్పుడుకి వీపు పెట్టి కూర్చోవడం మనకి అలవాటు, కానీ అప్పుడు మైకు ముఖం తిన్నగా చప్పుడు వైపుంటుంది. మైకు చూసేది పాడే మనిషినీ, ఆ మనిషి వెనక గోడనీ. అందుకని బొంతలు కట్టాల్సింది అమ్మ వీపు వెనక. బీరువా తలుపులు బార్లా తెరిచి చీరలు అలాగే వేలాడనిచ్చాను, పరుపు గోడకి నిలబెట్టాను, రెండు బొంతలు తాడు మీద వేశాను. చప్పట్లు కొడితే ఈసారి మోగలేదు.

అమ్మకి మాత్రం ఒక చిక్కొచ్చింది. దేవుడి పటాలు తూర్పు గోడకి ఉన్నాయి. "వెనక్కి తిరిగి హారతి పాడమంటావేమిటే?" అంది. నేను మైకు హృదయాకారం గురించి చెప్పబోతే వినకుండా లేచి, రాముడి పటం తీసుకొచ్చి కిటికీ గట్టు మీద పెట్టుకుంది. నాకున్న సమస్యల్లో అన్నిటికన్నా త్వరగా తెమిలింది అదే.

మైకుల దగ్గరికొస్తే, ఎస్‌ఎమ్ 58 మా కొలీగ్ దగ్గర అడిగి తెచ్చాను. ఏటీ 2020 రెండు రోజులకి అద్దెకి తీసుకున్నాను. రెండిటితోనూ ఒకే హారతి పాడించాను, ఒకటి బెత్తెడు దూరంలో, ఒకటి జానెడు దూరంలో. మన అక్షరాలు మైకుల్ని బాగా పరీక్షిస్తాయి. భక్తి పాటల్లో 'భ', 'ఫ', 'ధ' దండిగా ఉంటాయి, ఒత్తు పలికినప్పుడల్లా గాలి పొరని గుద్దుతుంది. 'శ', 'ష', 'స' వచ్చినచోట, పై స్థాయిని మెరుగుపెట్టే చవక కండెన్సర్లు బుసకొడతాయి. మైకుని నోటికి ఎదురుగా కాకుండా బుగ్గ వైపు కొంచెం పక్కగా పెట్టి, మధ్యలో బట్ట తొడిగిన చట్రం ఉంచితే ఈ రెండు బాధలూ చాలావరకు తగ్గుతాయి. ఏ మైకుకైనా ఇది చెయ్యాల్సిందే.

రెండు రికార్డింగులకీ ఒకే మట్టు శబ్దం పెట్టి, ఏది ఏ మైకుదో చెప్పకుండా హెడ్‌ఫోన్స్‌లో అమ్మకి వినిపించాను.

కండెన్సర్‌ది విని మొహం చిట్లించింది. "ఇందులో నా ఊపిరి వినబడుతోందేమిటే, మెట్లెక్కి వచ్చినట్టు? ఆ పక్కింటి మిక్సీ కూడా." డైనమిక్‌ది విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇది బావుంది. రేడియోలోలా ఉంది" అంది.

నాకు నచ్చింది మొదటిది. చరణానికీ చరణానికీ మధ్య అమ్మ తీసుకునే ఊపిరి, పై స్థాయికి వెళ్లే ముందు గొంతులో కనీకనిపించని తటపటాయింపు, పెదవులు తడుపుకునే చప్పుడు. చిన్నప్పుడు పక్కలో పడుకుని విన్నది అదే. డైనమిక్‌లో పాట నిండుగా, స్థిరంగా ఉంది, మా అమ్మ మాత్రం కొంచెం దూరంగా ఉంది. ఆపరేషన్ తర్వాత నాకు కావాల్సొచ్చేది ఏది? ఆ మాట పైకి అనలేక "ఊపిరి వినబడితే తప్పేముందమ్మా, బావుంది కదా" అన్నాను.

"పాట విననియ్యవే. నా ఊపిరి వాళ్లకెందుకు?"

"వాళ్లెవరు?"

"ఎవరో ఒకరు. నేర్చుకునేవాళ్లు."

అప్పటిదాకా ఈ రికార్డింగులు నాకోసమని నేననుకుంటున్నాను. పాడేది లేదని డాక్టరుతో చెప్పిన మనిషి నేర్చుకునేవాళ్ల లెక్క వేసుకుని ఉంది. అమ్మమ్మ దగ్గర తను వరస పట్టుకున్నట్టే ఇంకెవరో తన దగ్గర పట్టుకుంటారు, వాళ్లకి మెలిక స్పష్టంగా తెలియాలి. ఆ లెక్కలో ఊపిరి, మిక్సీ ఒకటే, రెండూ అడ్డం. గుర్తుగా దాచుకోవడానికి ఒక మైకు, నేర్పడానికి ఒక మైకు అని ఏ కొనుగోలు సలహాలోనూ ఉండదు. ఉండాలి.

ఎస్‌ఎమ్ 58 కొన్నాను. దానికి నకిలీలు విపరీతం కాబట్టి, సగం ధర అన్నచోట ఆగకుండా బిల్లిచ్చే షాపులోనే తీసుకున్నాను, పదివేలయింది. కంప్యూటరుకి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ వాడినది ఆరు వేలకి దొరికింది. స్టాండు 900, తీగ 500, బట్ట చట్రం 300. మొత్తం 17,700. అమ్మ వాల్యూముకి ఇంటర్‌ఫేస్ నాబ్ దాదాపు చివరిదాకా తిప్పాల్సి వచ్చింది, వెనక సన్నటి బుస ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వెతికితే దొరుకుతుంది, పాట వింటుంటే దొరకదు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ పెట్టి, అతి గట్టి చోట కూడా మీటరు మైనస్ 12 దాటకుండా చూసుకున్నాను. సున్నా దాటి పగిలిన గొంతుని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా అతికించలేదు, మైనస్ 12 దగ్గరున్నదాన్ని మాత్రం తర్వాత నింపాదిగా పెంచుకోవచ్చు.

ఫోన్‌ని కూడా వదల్లేదు. గది మూల కుర్చీలో పెట్టి, మేం కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా ఆన్‌లో ఉంచాను. అమ్మకి చెప్పే పెట్టాను, "అందులో ఏం పడుతుందిలే" అంది. అందులోనే పడింది: ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ పెళ్లిలో ఏ మాట మరిచిపోయి పక్కావిడ అందించిందో, నాన్న తలుపు సందులోంచి "ఇక ఫ్యానేసుకోవచ్చా" అని ఎన్నిసార్లు అడిగారో. ఊపిరి కూడా పడింది.

పొద్దున నాలుగున్నరకి మొదలుపెట్టి ఆకుకూరల బండి వచ్చేలోపు ముగించేవాళ్లం. రైలొస్తే ఆగి, అది వెళ్లాక చరణం మొదట్నుంచి. తాన్‌పూరా యాప్‌తో సరిచూస్తే అమ్మ తనకి తెలియకుండానే ప్రతిసారీ ఐదున్నర శ్రుతి దగ్గర మొదలుపెడుతోంది. పదకొండు పొద్దుల్లో 34 పాటలయ్యాయి. ఒక్కో ఫైలు మూడు చోట్ల దాచాను: నా లాప్‌టాప్, తమ్ముడి హార్డ్ డిస్కు, ఆన్‌లైన్‌లో ఒకటి. అమ్మ కూర్చునే చోట, స్టాండు కాళ్ల చోట గచ్చు మీద టేపు ముక్కలు అంటించి ఉంచాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డలో భయపడాల్సిందేమీ లేదని రిపోర్టు వచ్చింది. పది రోజులు గొంతు నీరసంగా ఉండి, తర్వాత మాట మామూలైంది. ఫోన్లో ఎవరూ తేడా కనిపెట్టలేదు. రెండో నెలలో ఒక శుక్రవారం హారతి అందుకుని, చరణంలో పైకి వెళ్లబోయి ఆగింది. మళ్లీ ప్రయత్నించింది, గొంతు అక్కడిదాకా వెళ్లి సన్నబడి గాలి అయిపోయింది. ఇంకొన్ని నెలల్లో కొంత తిరిగి రావచ్చని డాక్టరుగారన్నారు. అమ్మ ఆయనతో మళ్లీ పాటల సంగతి ఎత్తలేదు.

తర్వాతి వారం నేను వెళ్లినప్పుడు "ఆ డబ్బా తియ్యి" అంది. స్టాండు టేపు ముక్కల మీదే పెట్టాను. బెత్తెడు దూరం, అదే నాబ్, అవే బొంతలు, కిటికీ గట్టు మీద రాముడు. అన్నీ అవే ఉంటేనే మారింది గొంతొక్కటే అని తెలుస్తుంది. యాప్‌లో శ్రుతి తగ్గించుకుంటూ వచ్చాం. ఐదు దగ్గర ఇబ్బంది పడింది, నాలుగున్నర దగ్గర తల అడ్డంగా ఊపింది, నాలుగు దగ్గర పల్లవి ఎత్తుకుని చరణం దాకా ఆగకుండా వెళ్లింది. పై మెలిక ఉంది, మునుపటి కన్నా లోతుగా.

పాతదాని పక్కన పెట్టి వినిపిస్తే రెండూ విని, "పిల్లలకి పాతది ఇవ్వు. నాలాంటి ముసలాళ్లు నేర్చుకుంటామంటే ఇది ఇవ్వు, వాళ్లకిదే అందుతుంది" అంది.

35వ ఫైలు నాలుగు శ్రుతిలో ఉంది. మిగతా 33 పాటలు కూడా నాలుగులో పాడతానంటోంది, సంక్రాంతి సెలవులకి రమ్మంది.